సబ్‌సోనిక్ లోడ్లు, 3వ పాఠం: బరువు కాదు, పొడవు కొలవండి

సబ్‌సోనిక్ అంటే ధ్వని కంటే నెమ్మదిగా పోయేది. లోడ్ అంటే మందు, బుల్లెట్ కూర్చిన తూటా. పోయిన పాఠంలో క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) పెట్టుకుని వేగం సంగతి తేల్చుకున్నాం. 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు, అడుగుల్లో 1,116. గడ్డకట్టే చలిలో అది 1,087కి దిగుతుంది. అందుకే ఏడాది పొడవునా పనికొచ్చేలా మన లోడ్ వేగం సెకనుకు 1,050 అడుగుల దగ్గర ఉండాలని అనుకున్నాం. ఈసారి అసలు తలనొప్పి: ఆ వేగంతో బయటికొచ్చిన బుల్లెట్ ముక్కు ముందుకు పెట్టుకునే పోతుందా, పిల్లిమొగ్గలు వేస్తుందా?

నా మొదటి అనుభవం రెండోదే. టెక్సస్‌కి వచ్చిన కొత్తలో కొన్న .308 (బుల్లెట్ వ్యాసం, అంగుళాల్లో) బోల్ట్ రైఫిల్, 1:12 ట్విస్ట్. అంటే బ్యారెల్ లోపలి మెలిక గాడులు బుల్లెట్‌ని 12 అంగుళాలకి ఒక చుట్టు తిప్పుతాయి. సబ్‌సోనిక్‌కి బరువైన బుల్లెట్ మంచిదని ఎవరో అంటే 220 గ్రెయిన్లవి (బుల్లెట్ బరువు కొలిచేది గ్రెయిన్లలో) ఓ పెట్టె తెచ్చాను. 25 గజాల్లో కాగితం పెట్టి ఐదు కాల్చి వెళ్లి చూస్తే, గుండ్రటి చిల్లు ఒక్కటే ఉంది. రెండు కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయి. ఒకటైతే ఖర్జూరం గింజను పడుకోబెట్టి అచ్చు గుద్దినట్టుంది: ముక్కు, నడుము, మడమ అన్నీ కాగితం మీద కనిపిస్తున్నాయి. ఐదోది కాగితానికే తగల్లేదు. ఇలాంటి చిల్లును ఇక్కడివాళ్లు కీహోల్ అంటారు. ఆ రోజు రైఫిల్‌కి సప్రెసర్ (చప్పుడు తగ్గించే గొట్టం) తగిలించి లేదు కాబట్టి బతికిపోయాను. ఉండుంటే వంకరగా వచ్చిన బుల్లెట్ దాని లోపలి బ్యాఫిల్స్‌ని (అడ్డుపలకల్ని) చీల్చుకుంటూ పోయేది.

బొంగరం ఆడినవాళ్లకి దీని కారణం సగం తెలిసినట్టే. పొట్టి, లావు బొంగరం కాస్త తిప్పినా నిలబడుతుంది. సన్నగా పొడుగ్గా ఉన్నదాన్ని గట్టిగా తిప్పాలి, లేదంటే తల ఊపి పడిపోతుంది. బుల్లెట్‌దీ అంతే. గాలి దాని ముక్కును పట్టుకుని వెనక్కి తిప్పేయాలని చూస్తుంది, తిరుగుడు దాన్ని నిలబెడుతుంది. పొడవు పెరిగేకొద్దీ గాలికి పట్టు చిక్కుతుంది. పెట్టె మీద బరువు రాస్తారు, పొడవు రాయరు. గోల అంతా అక్కడే మొదలవుతుంది.

ఇక్కడ చాలామంది చెప్పే ఒక మాట ఉంది: వేగం తగ్గితే తిరుగుడు తగ్గుతుంది, అందుకే సబ్‌సోనిక్ బుల్లెట్ దొర్లుతుంది. లెక్క వేసి చూద్దాం. 1:10 బ్యారెల్ అంటే ప్రతి 10 అంగుళాలకీ ఒక చుట్టు. వేగాన్ని 720తో గుణించి ట్విస్ట్ అంగుళాలతో భాగిస్తే నిమిషానికి చుట్లు వస్తాయి. మామూలు పూర్తి వేగం, సెకనుకు 2,800 అడుగుల దగ్గర 2,01,600 చుట్లు, 1,050 దగ్గర 75,600. తగ్గిన మాట నిజమే. అయితే బుల్లెట్‌ని పడదోసే గాలి బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. తిరుగుడు నిలబెట్టే సత్తా కూడా వర్గాన్ని బట్టే. రెండూ ఇంచుమించు ఏడో వంతుకి పడిపోయాయి, చెల్లుకి చెల్లు. మరి దెబ్బ ఎక్కడ తగులుతోంది? ధ్వని వేగం చుట్టుపక్కల గాలి ప్రవాహం తీరు మారి, ముక్కును తిప్పే పట్టు పెరుగుతుంది. తిరుగుడులో ఆ పెరుగుదలకు జవాబు లేదు. మామూలు వేగంలో అంచు మీద నిలబడ్డ బుల్లెట్ ఇక్కడ పడిపోయేది అందుకే.

ఇక పని. ముందు మీ బ్యారెల్ ట్విస్ట్ కొలవండి, దాని మీద చెక్కిన అంకెను నమ్మి ఊరుకోవద్దు. రైఫిల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని బోల్ట్ తీసేయండి. హ్యాండిల్ స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌కి బిగుతైన గుడ్డ చుట్టి లోపలికి తోయండి. రాడ్ మీద, బ్యారెల్ చివర దగ్గర, మార్కర్‌తో పైవైపుకి ఒక గీత పెట్టండి. మెల్లగా లాగుతూ ఆ గీత ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకి వచ్చేదాకా రాడ్ ఎన్ని అంగుళాలు కదిలిందో టేపుతో చూడండి. గుడ్డ జారితే అంకె తప్పుతుంది, కనుక మూడుసార్లు చేయండి. బ్యారెల్ మరీ పొట్టిదైతే అరచుట్టు కొలిచి రెట్టింపు చేసుకోండి.

తర్వాత బుల్లెట్. క్యాలిపర్‌తో మడమ నుంచి ముక్కు దాకా ఐదింటిని కొలిచి సగటు తీయండి. నా దగ్గరి 220 గ్రెయిన్లది 1.48 అంగుళాలు వచ్చింది.

లెక్కకి పాత దారి గ్రీన్‌హిల్‌ది. ఇంగ్లండ్‌లో వూలిచ్ దగ్గర ఫిరంగి అధికారులకు లెక్కలు చెప్పిన ఆల్‌ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్ 1879లో ఇచ్చిన సూత్రం:

ట్విస్ట్ = 150 × వ్యాసం × వ్యాసం ÷ పొడవు

అన్నీ అంగుళాల్లోనే. సీసం లోపలున్న మామూలు బుల్లెట్లకి ఇది సరిపోతుంది. .308కి 150 × 0.0949 అంటే 14.23. దాన్ని 1.48తో భాగిస్తే 9.6. అంటే ట్విస్ట్ 1:9.6 గానీ అంతకంటే వేగంగా (రెండో అంకె ఇంకా చిన్నదిగా) గానీ ఉండాలి. సబ్‌సోనిక్‌లో నేను 150 బదులు 125 వేసుకుంటాను, అప్పుడు సరిగ్గా 8 వస్తుంది. 2011లో ప్రమాణంగా స్థిరపడిన .300 బ్లాకౌట్ (సబ్‌సోనిక్‌కి ఎక్కువగా వాడే తూటా) బ్యారెళ్లలో 1:8, 1:7 ఎందుకు ఎక్కువగా కనిపిస్తాయో చూశారా?

కొత్త దారి 2005లో డాన్ మిల్లర్ ఇచ్చినది. ఇది బరువునూ లెక్కలోకి తీసుకుని ఒక స్థిరత్వ సంఖ్య ఇస్తుంది. 1 కంటే తక్కువైతే బుల్లెట్ పడిపోతుంది. 1.5 ఉంటే నిశ్చింత. సూత్రం:

30 × బరువు ÷ (ట్విస్ట్ వర్గం × వ్యాసం ఘనం × పొడవు × (1 + పొడవు వర్గం))

బరువు గ్రెయిన్లలో, వ్యాసం అంగుళాల్లో. ట్విస్ట్‌నీ పొడవునీ మాత్రం వ్యాసంతో భాగించి వేయాలి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మన బుల్లెట్ పొడవు 1.48 ÷ 0.308 = 4.8. వచ్చిన సంఖ్య 2,800 అడుగుల వేగానికి. 1,050కి దాన్ని 0.72తో గుణించండి. ఈ సవరణ సూపర్‌సోనిక్‌ని (ధ్వనిని మించిన వేగాన్ని) మనసులో పెట్టుకుని కట్టింది, కాబట్టి ఇక్కడ దాన్ని అంచనాగానే వాడుకోవాలి.

నా 220 గ్రెయిన్లదానికి 1:8లో 2.09 వచ్చింది. 1:10లో 1.33. 1:12లో 0.93. ఆ ఖర్జూరం గింజ అచ్చు ఎందుకు పడిందో ఈ చివరి అంకె చెబుతోంది. లెక్క ముందే వేసుకుని ఉంటే పెట్టె డబ్బులు మిగిలేవి.

1:10 దగ్గర కాస్త ఆగండి. ఆ 1.33 అనేది 15 డిగ్రీల గాలిలో. చలిగాలి చిక్కన. డాలస్‌లో ఆగస్టు మధ్యాహ్నం 38 డిగ్రీల్లో అదే బుల్లెట్‌కి 1.44 వస్తే, జనవరి పొద్దున సున్నా దగ్గర 1.27కి దిగుతుంది. ఎండాకాలంలో చక్కగా కొట్టిన లోడ్ సంక్రాంతికి చెదురుతోందంటే ముందు దీన్ని అనుమానించండి.

పూర్తి రాగి బుల్లెట్లతో ఇంకా జాగ్రత్త. సీసం సాంద్రత 11.3, రాగిది 9 లోపే. అదే బరువుకి రాగిది పొడుగవుతుంది. ముక్కున ప్లాస్టిక్ మొన ఉన్నవి దీనికి అటువైపు: ఆ మొన పొడవు పెంచుతుంది గానీ బరువు దాదాపు ఏమీ ఉండదు, కనుక మొత్తం పొడవు వేస్తే సంఖ్య ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

ట్విస్ట్ మరీ ఎక్కువైతే? పూర్తి వేగంలో పలుచని జాకెట్ (సీసం మీది లోహపు తొడుగు) ఉన్న బుల్లెట్లు ఆ తిరుగుడుకి గాల్లోనే పగిలిపోవచ్చు. సబ్‌సోనిక్‌లో మాత్రం ట్విస్ట్ ఎక్కువైందని ఏడ్చినవాణ్ణి నేను చూడలేదు. రెండు బ్యారెళ్ల మధ్య ఊగుతుంటే వేగంగా తిరిగేదే కొనండి.

హైదరాబాద్‌లో 50 మీటర్ల .22 రైఫిల్ కాల్చేవాళ్లకి ఈ బెడద ఉండదు. మ్యాచ్ తూటాల్లోని 40 గ్రెయిన్ల సీసం బుల్లెట్, 1:16 దరిదాపుల బ్యారెల్ ఎప్పుడో కుదిరిన జోడీ. అగీలా కంపెనీ 60 గ్రెయిన్ల సబ్‌సోనిక్ .22ని అదే బ్యారెల్లో వేస్తే మాత్రం మళ్లీ కీహోళ్లే. దానికి 1:9 లాంటిది కావాలి.

ఇంటిపని: .308లో 150 గ్రెయిన్లు, పొడవు 1.10 అంగుళాలు, బ్యారెల్ 1:12, వేగం 1,050. గ్రీన్‌హిల్‌ని 125తో ఒకసారి, మిల్లర్‌ని ఒకసారి వేయండి. ఇద్దరూ ఒకే మాట చెప్పరు. ఎవరిది నిజమో వచ్చే పాఠంలో సప్రెసర్ తీసేసి, 25 గజాల్లోనూ 100 గజాల్లోనూ తెల్లకాగితాలు పెట్టి చూద్దాం. అన్నట్టు, చిల్లు అంచున బూడిదరంగు ఉంగరం ఒకవైపే మందంగా కనిపించినా లెక్కలోకి తీసుకోవాలి, కాబట్టి మీరు కాల్చిన కాగితాలు పారేయకండి.