నలభై గజాల్లో మెరుపు, మ్యాచ్‌లో నత్తనడక: వేగం ఎక్కడ పోతోంది?

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్లో ఆటగాడి వేగమంటే 40 గజాల పరుగే, అంటే 36.58 మీటర్లు. 2017లో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) కంబైన్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్లను పరీక్షించే శిబిరంలో, రిసీవర్ (పాస్ అందుకునే ఆటగాడు) జాన్ రాస్ దాన్ని 4.22 సెకన్లలో పరిగెత్తాడు, మరో రిసీవర్ కూపర్ కప్‌కు 4.62 పట్టింది. మొదటి సీజన్లో కప్ 62 క్యాచ్‌లు పట్టాడు, రాస్ ఒక్కటీ పట్టలేదు. రాస్‌ను గాయాలు వెంటాడిన మాట నిజమే. అయినా గడియారం ఆటను కొలవదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

సమస్య: క్యాంపస్‌లో 4.4, బయట పరీక్షలో 4.6
ఆటగాడు మందగించలేదు, స్టాప్‌వాచ్ అబద్ధమాడింది. కదలిక చూశాకే బొటనవేలు మీట నొక్కుతుంది, గీత దగ్గర మాత్రం ముందే సిద్ధంగా ఉంటుంది. అలా సుమారు 0.2 సెకను మాయమవుతుంది. 10, 20, 40 గజాల దగ్గర సమయం కొలిచే ఎలక్ట్రానిక్ గేట్లు పెట్టండి. బూట్లు, మైదానం మార్చకండి. పరుగుకీ పరుగుకీ మధ్య కనీసం 4 నిమిషాల విశ్రాంతి ఇవ్వండి. లైన్‌మెన్‌కైతే (ముందు వరుసలో ఎదుటివాళ్లతో తలపడేవాళ్లు) 10 గజాల సమయం చాలు, మిగతా 30 గజాలు వాళ్ల ఆటలో దాదాపు రావు.

సమస్య: తిన్నగా పోతే ఎవరికీ అందడు, రూట్ (రిసీవర్ పరిగెత్తాల్సిన నిర్ణీత దారి) మలుపులో దొరికిపోతాడు
ఇంజిన్ బాగానే ఉంది, బ్రేకులే లేవు. ఫోన్లో పక్కనుంచి స్లోమోషన్ వీడియో తీయండి. ఆగే అడుగులో పాదం తుంటికి ముందు పడాలి, మోకాలు వంగి తుంటి కిందికి దిగాలి. నిటారుగా నిలబడి చిన్నచిన్న అడుగులతో తడబడుతుంటే, ఆ తడబాటు చూసే కార్నర్‌బ్యాక్ (రిసీవర్‌ను కాపుకాసే డిఫెండర్) మలుపు పసిగడతాడు.

10 గజాలు పూర్తి వేగంతో పరిగెత్తి మూడు అడుగుల్లో ఆగడం నేర్పండి. అది కుదిరాకే మలుపు కలపండి. వారానికి రెండుసార్లు, ఒక్కో వైపు 4 నుంచి 6 చాలు. ఇది ప్రాక్టీస్ మొదట్లోనే చేయించాలి. అలిసిన కాళ్లతో చేయిస్తే తప్పు ఆగడమే అలవాటవుతుంది. జిమ్‌లో స్ప్లిట్ స్క్వాట్‌కు (ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి కిందికి దిగే వ్యాయామం) మూడు సెకన్లు లెక్కపెట్టి దిగమనండి.

సమస్య: సేఫ్టీ (డిఫెన్స్‌లో అందరికంటే వెనక నిలబడేవాడు) వేగంగానే ఉంటాడు, ఎప్పుడూ ఒక అడుగు ఆలస్యం
కాళ్లను తిట్టకండి, కళ్లను చూడండి. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో, స్నాప్ (బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) నుంచి సరైన దిశలో తొలి అడుగు దాకా లెక్కపెట్టండి. 6 ఫ్రేములు అదనంగా పోతే 0.2 సెకను పోయినట్టే. సెకనుకు 9 మీటర్లతో దూసుకొచ్చే రిసీవర్ ఆలోపు 1.8 మీటర్లు, అంటే రెండు గజాలు వెళ్లిపోతాడు. 40 గజాల సమయంలో అంత తగ్గించాలంటే ఏళ్లు పడుతుంది. డ్రిల్‌ను విజిల్‌తో కాక బంతి కదలికతో మొదలుపెట్టండి. బంతి ఉన్నవాడి వైపు కాకుండా వాడు చేరబోయే చోటికి పరిగెత్తించండి.

సమస్య: నాలుగో క్వార్టర్‌లో వేగం పడిపోతుంది
దూరపు పరుగులతో దమ్ము వస్తుంది కానీ ఇది ఆ ఆట కాదు. ప్లే (స్నాప్‌తో మొదలై బంతి ఆగేదాకా) కొన్ని సెకన్లే, తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి గడువు, అంటే ప్లే క్లాక్, 40 సెకన్లు. అందుకే ఇలా చేయించండి: 20 గజాల పరుగు, 35-40 సెకన్ల విరామం, 6 నుంచి 8 సార్లు.

సమస్య: ఖాళీ దొరికి దూసుకుపోగానే తొడ వెనక పట్టేస్తుంది
ప్రాక్టీస్‌లో ఎప్పుడూ 80 శాతం దాటని కండరాన్ని మ్యాచ్‌లో ఒక్కసారిగా 100 అడిగారు. వారానికోసారి 20 గజాలు క్రమంగా వేగం పెంచి, తర్వాతి 10 గజాలు పూర్తి వేగంతో, 3-4 సార్లు పరిగెత్తించండి. నార్డిక్ కర్ల్స్ (మోకాళ్లపై నిలబడి, మడమలు ఎవరైనా పట్టుకోగా ఒళ్లు మెల్లగా ముందుకు వాల్చే వ్యాయామం) కూడా ఉండాలి. కాకపోతే మ్యాచ్ ముందురోజు వద్దు.