పాత సున్నం గోడకు రంగు వేసే ముందు

వనపర్తిలో మా తాతల నాటి ఇల్లు రాతి గోడలది, లోపల సున్నం గిలాబు. ఎన్నిసార్లు రంగు వేసినా కింది మూడడుగులు ఉబ్బి పెచ్చులు రాలేవి. చేత్తో తుడిస్తే తెల్లటి ఉప్పు పొడి అంటుకునేది. అసలు కారణం బయట ఉంది: వాన నీళ్లు గోడ మొదట్లోనే నిలుస్తున్నాయి. ముందు అక్కడి మట్టి తీసి, నీళ్లు అవతలికి పోయేలా వాలు చేయించాం. అది చేయకుండా లోపల ఎంత ఖర్చు పెట్టినా దండగే.

తర్వాత గోడంతా వేళ్లతో కొట్టి చూశాను. గట్టిగా ఉన్నచోట ‘టక్‌’మంటుంది, పట్టు వదిలిన చోట డొల్లగా మోగుతుంది. డొల్ల భాగాలను గట్టి అంచు తగిలేదాకా ఉలితో తీసేశాం, పాత సిమెంటు అతుకులతో సహా. సిమెంటు చెమ్మను సరిగా బయటికి పోనివ్వదు, దాంతో పక్కనున్న సున్నం దెబ్బతింటుంది. ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపాలి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

తీసేసిన చోట పూయడానికి నానిన సున్నం ఒక పాలు, జల్లించిన ఇసుక మూడు పాళ్లు కలిపాం. గోడ తడిపి పలుచటి పొరలుగా పూసి, నీళ్లు చిలకరిస్తూ మెల్లగా ఆరనిచ్చాం. సున్నం గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది, తొందరగా ఆరితే బీటలు పడతాయి. “అన్నా, ఒక కోటు పుట్టీ కొడితే నున్నగ ఉంటది” అన్నాడు మేస్త్రీ. అదీ సిమెంటులాగే చెమ్మను ఆపేస్తుందని వద్దన్నాను. సున్నంలోనే రంగు పొడి కలిపి వేయించాను. కళ్లద్దాలు, గ్లౌజులు మాత్రం తప్పనిసరి, సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు.