హోయిస్ట్ మోటార్ కొనేముందు ఈ లెక్క వేసుకోండి
విశాఖ మధురవాడ వైపు అపార్ట్‌మెంట్ పనుల్లో సిమెంట్ బస్తాలు పైకి లాగే మోటార్ కొనేటప్పుడు చాలామంది ఎన్ని అంతస్తులని మాత్రమే చూస్తారు, కానీ పవర్‌ని తేల్చేది బరువు, అది పైకి వెళ్లే వేగం. 50 కిలోల బస్తాలు 9, తొట్టి ఇంకో 50 కిలోలు (దీన్ని మర్చిపోకండి!), మొత్తం 500. దాన్ని 9.81తో (భూమ్యాకర్షణ విలువ), 15 మీటర్ల ఎత్తుతో గుణించి, పట్టే 30 సెకన్లతో భాగిస్తే సుమారు 2,450 వాట్లు. అక్కడితో ఆగొద్దు. గేర్‌బాక్స్, కప్పీల రాపిడిలో కొంత పోతుంది కాబట్టి సామర్థ్యం 70 శాతం అనుకుని 0.7తో భాగిస్తే 3,500 వాట్లు, దాన్ని 746తో (ఒక హెచ్‌పీ, అంటే హార్స్‌పవర్, 746 వాట్లు) భాగిస్తే 4.7, అంటే 5 హెచ్‌పీ మోటార్ కావాలి. 3 హెచ్‌పీతో సరిపెడితే ఓవర్‌లోడై వైండింగ్ (మోటార్‌లోని తీగ చుట్ట) కాలిపోవచ్చు. అంత తొందర లేదు, నిమిషంలో ఎక్కినా చాలంటే మాత్రం సగం పవరే సరిపోతుంది.