రాత్రి రోడ్డు మీద పాములను వెతకడం, చనిపోయినవాటిని నమోదు చేయడం ఎలా?

దివిసీమలో అవనిగడ్డ నుంచి నాగాయలంక వైపు వెళ్లే కాలువగట్ల రోడ్ల మీద నేను ఏళ్ల తరబడి చేస్తున్న పని ఇది. సామాను గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. తలకు కట్టుకునే లైటు, చేతి టార్చి, చీలమండలు దాటే బూట్లు, వెలుతురు పడితే మెరిసే జాకెట్టు, మనిషెత్తు కర్ర, ఫోను, నోటుపుస్తకం, పెన్సిలు ఉంటే చాలు. వివరాలను ఫోనులో రాసుకోకూడదు; ఆ వెలుతురు కళ్లలో పడితే తర్వాత చాలాసేపు చీకట్లో చూపు ఆనదు. ఒంటరిగా మాత్రం వెళ్లవద్దు.

తారురోడ్డు పగటి వేడిని పొద్దుగూకాక కూడా కొంతసేపు నిలుపుకుంటుంది కనుక రాత్రి ఏడు నుంచి పది వరకు తిరిగితే సరిపోతుంది. తొలకరి వానలకు కప్పలు రోడ్డెక్కితే వాటి వెంట నీరుకట్టు పాములు వస్తాయి. వరికోతల తర్వాత రైతులు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తే గింజలకు ఎలుకలు, ఎలుకలకు తాచులు, రక్తపింజరలు వస్తాయి. అడవి రోడ్ల మీద ఈ పని పెట్టుకోవద్దు. నల్లమల గుండా వెళ్లే శ్రీశైలం రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఎలాగూ మూసివేస్తారు.

వాహనం సైకిలే కావాలి. కారులో వెళ్లేవారు జెర్రిపోతునూ కొండచిలువనూ చూసి వచ్చి మా రోడ్డు మీద ఇవే ఉన్నాయని రాస్తారు, జానెడు పాము మీదుగా తామే బండి పోనిచ్చిన సంగతి వారికి తెలియదు. సైకిల్ మీద కూడా కొబ్బరిపీచు తాడు, టైరు ముక్క, తెగిన బెల్టు పాములాగే కనిపిస్తాయి. తాడును చూసి పామనుకునే రజ్జుసర్పభ్రాంతి వేదాంతులకు ఉదాహరణ, మాకు రోజువారీ వ్యవహారం.

ఇక అందరూ పాడుచేసే పని ఒకటుంది. అది రోడ్డు మీద కదలకుండా పడి ఉన్న పాము చచ్చిందో లేదో తేల్చడం. దూరం నుంచి చూసి చచ్చిందనుకుని, దగ్గరకు వెళ్లి, తోక పట్టుకుని ఎత్తి ఫొటోకు నిలబడినవారిని నేను కళ్లారా చూశాను, వారు బతికి బయటపడడం వారి తెలివి వల్ల జరగలేదు. మొదట వెనకా ముందూ బండ్లు వస్తున్నాయేమో చూసుకోవాలి, ఎందుకంటే ఈ పనిలో పాము కంటే లారీ ప్రమాదకరం. తర్వాత కర్ర పొడవు దూరంలో ఆగి, టార్చిని పక్కనుంచి నేలకు ఆనించినట్టుగా పట్టి, రెండు నిమిషాలు పక్కటెముకల దగ్గర చూడాలి. పాము శ్వాస చాలా నెమ్మది, అర నిమిషం చూసి తేల్చేవారికి అది అందదు.

తల కనబడనంతవరకు పాము చచ్చిందని రాయకూడదు. కట్లపాము బెదిరితే చుట్టల కింద తల దాచుకుంటుంది. మూడేళ్ల కిందట నాతో వచ్చిన కుర్రవాడు, నడుము చితికి, పుండుకు చీమలు పట్టిన కట్లపామును చూసి, ఫొటోకు వంకర సరిచేద్దామని వంగబోయాడు. నేను కర్ర అడ్డం పెట్టాను. చుట్ట కిందనుంచి తల లేచి కర్ర కొనను కరిచి, ఒక క్షణం వదలకుండా నమిలింది; వదిలాక కర్ర మీద చిన్న తడి మరక మిగిలింది. చీమలు చావుకు సాక్ష్యం కావు, బతికున్న గాయానికి కూడా పడతాయి.

తల తెగి విడిగా పడి ఉన్నా చేయి పెట్టకూడదు. తెగిన తల గంట తర్వాత కూడా కాటు వేయగలదు, విషం కూడా దిగుతుంది. కట్లపాము కాటుకు నొప్పి, వాపు అంతగా ఉండవు కాబట్టి ఏమీ కాలేదనుకోవడమే అసలు ముప్పు. కాటు పడిందనే అనుమానం వచ్చినా కట్లు కట్టకుండా, కోయకుండా, మనిషిని నడిపించకుండా 108కి ఫోను చేసి, విషవిరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పాము బతికి ఉంటే వచ్చే బండ్లకు లైటు ఊపుతూ అది దాటేదాకా నిలబడడమే మన పని.

చచ్చిందని తేలాక పక్కన పెన్సిలు పెట్టి వీపు, తల పక్కభాగం, కర్రతో తిప్పి పొట్ట, తోక అడుగుభాగం ఫొటోలు తీయాలి. కట్లపాముకు తెల్లటి సన్న పట్టీలు తల దగ్గర మసకగా ఉండి తోక వైపు స్పష్టమవుతాయి. అచ్చం అలాగే కనిపించే, విషంలేని వుల్ఫ్ స్నేక్‌కు తల వైపు స్పష్టంగా ఉండి తోక వైపు మాసిపోతాయి. కళేబరాన్ని కర్రతో రోడ్డు పక్కకు నెట్టాలి, లేకుంటే దానికోసం దిగిన గద్ద మరో బండి కింద పడుతుంది, రేపు మీరే దాన్ని రెండోసారి లెక్కిస్తారు. ఇంటికి తీసుకుపోవద్దు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చచ్చిన వన్యప్రాణి కూడా ప్రభుత్వ ఆస్తి.

తెల్లవారుజామున అదే రోడ్డు మీద మరోసారి తిరగాలి, ఆరు దాటితే కాకులు, కుక్కలు ఏమీ మిగల్చవు. ఏమీ కనబడని రాత్రి కూడా తేదీ, బయలుదేరిన వేళ, వాన పడిందో లేదో, తిరిగిన దూరం రాసి, పాముల గడిలో సున్నా వేయాలి.