పొలంలో యోగా: ముందు నేల చూడండి, ఆసనం సంగతి తర్వాత

పొలంలో యోగా అనగానే చాలామందికి ముందు మెదిలేది ఒక ఫొటో. పచ్చటి చేను నడుమ మ్యాట్, దాని మీద పద్మాసనం. ఫొటో వరకు బాగానే ఉంటుంది గానీ, రోజూ చేయాలనుకునేవాళ్లకు చేను మధ్య భాగం అసలు పనికిరాదు. రసాయనాలు వాడని పొలంలో నేల గుల్లగా ఉంటుంది, పైన ఎండుగడ్డో ఆకులో పరిచి మల్చింగ్ చేసి ఉంటారు, దాని కింద పురుగూ పుట్రా బోలెడు ఉంటాయి. ఉండాలి కూడా, అవి లేకపోతే ఆ సాగే లేదు. పైగా రోజూ ఒకేచోట తొక్కితే, అదీ తడి మీద తొక్కితే, మట్టి బిగుసుకుపోయి వేర్లకు గాలి ఆడదు. కాబట్టి సాగులో లేని చోటు వెతుక్కోండి. కళ్లం ఉంటే అంతకంటే మంచిది లేదు, లేకపోతే వెడల్పాటి గట్టు, బండి దారి, లేదా బాగా నడిచి గట్టిపడిన పచ్చిక.

నేల సరిపోతుందో లేదో చూడటానికి చెప్పులు వేసుకుని మడమతో గట్టిగా ఒకసారి నొక్కండి. మడమ దిగబడిందంటే అక్కడ చేతుల మీద బరువు పెట్టే ఆసనాలు వద్దు. మెత్తటి నేల ఒంటికి హాయి అనుకుంటాం కానీ చేతులూ పాదాలూ నేలకి ఆనించి తుంటి పైకెత్తే అధోముఖ శ్వానాసనం వేస్తే తేడా తెలుస్తుంది. అరచేయి మణికట్టు వైపు మట్టిలోకి కుంగిపోతుంది, వేళ్ల వైపు పైకే ఉంటుంది, మణికట్టు మామూలు కంటే ఎక్కువ వంగి అక్కడే నొప్పి మొదలవుతుంది. శీర్షాసనం అయితే మెత్తటి నేల మీద అసలు ప్రయత్నించకండి. తల ఒక పక్కకి దిగితే మెడ వంకర తిరుగుతుంది, శరీరం బరువు అప్పటికే దాని మీద ఉంటుంది. అది గదిలో, గట్టి నేల మీద చేసుకునే పని.

అంటే నేను చెప్పేదల్లా, ఇంట్లో చేసే వరుసను యథాతథంగా పొలానికి మోసుకెళ్లొద్దు, ఆ రోజు దొరికిన నేలను బట్టి ఆసనాలు ఎంచుకోండి.

నేల ఎగుడుదిగుడుగా ఉంటే తాడాసనం, వీరభద్రాసనం, ఉత్కటాసనం లాంటి నిలబడి చేసేవి బాగుంటాయి, పాదాల్లో మనం ఎప్పుడూ వాడని చిన్న కండరాలన్నీ పనిలోకి వస్తాయి. ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం ఇంట్లో నిమిషం నిలబెట్టేవాళ్లు కూడా ఇక్కడ తూలతారు, అందులో కంగారేమీ లేదు. చూపు గాలికి ఊగే కొమ్మ మీద కాకుండా చెట్టు మొదలు మీదో కంచె రాయి మీదో నిలపండి. నేల వాలుగా ఉంటే దాన్నీ వాడుకోవచ్చు. పల్లం వైపు తిరిగి కూర్చుంటే తుంటి మోకాళ్ల కంటే కాస్త ఎత్తులో ఉంటుంది, దిండు లేకుండానే నడుము నిటారుగా నిలుస్తుంది. పడుకునేటప్పుడు మాత్రం తల ఎత్తు వైపు ఉండాలి.

పొలం పని చేసేవాళ్లకు ఒక మాట. కలుపు తీసో నాట్లు వేసో రోజంతా ముందుకు వంగిన నడుముకి సాయంత్రం మళ్లీ ముందుకే వంగే పశ్చిమోత్తానాసనం ఎందుకు? నడుమును వెనక్కి వంచే భుజంగాసనం, శలభాసనం, సేతుబంధాసనం నిదానంగా వేయండి. వంగిన దానికి ఎదురు కదలిక కావాలి.

సమయం విషయానికొస్తే, కింద ఏముందో కంటికి స్పష్టంగా కనపడేంత వెలుతురు వచ్చాకే మొదలుపెట్టండి. చీకటితో లేచి చేయాలన్న పట్టుదల గదిలో చూపించండి, గడ్డిలో కాదు. మంచుకు పచ్చిక తడిగా ఉంటే పలుచటి మ్యాట్ సర్రున జారుతుంది, కింద టార్పాలిన్ ముక్క వేసి పైన మందపాటి జంబుఖానా పరిస్తే కొంత నయం. పది దాటాక నాలుగు వరకు ఎండ తీక్షణంగా ఉంటుంది, ఆ వేళ చెట్టు నీడ ఉంటేనే చేయండి. ఆ చెట్టుకి ఎండుకొమ్మలు, పెద్ద కాయలు, తేనెపట్టు లేవని ముందు తల పైకెత్తి చూడండి. కొబ్బరిచెట్టు కింద శవాసనం వేయకండి. సెంటు పూసుకుని వెళ్లకండి, తేనెటీగలు వెతుక్కుంటూ వస్తాయి.

పాములంటే భయం సహజమే. గడ్డివాము, కట్టెల మోపు, రాళ్ల కుప్ప పక్కన చోటు ఎంచుకోకపోతే సగం టెన్షన్ పోతుంది, ఎందుకంటే ఎలుకలు అక్కడే ఉంటాయి, వాటికోసం పాములూ అక్కడికే వస్తాయి. మ్యాట్‌ని రాత్రి బయట వదిలేయొద్దు, చెప్పులు దులపకుండా వేసుకోవద్దు.

వట్టి కాళ్లతో నేల మీద నిలబడితే బాగుంటుంది, నిజమే, కానీ పాదానికి పగుళ్లో గాయమో ఉంటే వద్దు. ధనుర్వాతం కలిగించే బ్యాక్టీరియా మట్టిలోనూ పేడలోనూ ఉంటుంది, ఎరువు సహజమైనదైనా అంతే. టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని పదేళ్లు దాటి ఉంటే ఒకసారి డాక్టర్ని అడగండి.

ప్రాణాయామానికి గాలి చూసుకోవాలి. పురుగుల కోసం ఆకుల కషాయాలు పిచికారీ చేస్తున్నా, దుమ్ము లేస్తున్నా, పక్క చేలో మందు కొడుతున్నా జోరుగా ఊపిరి ఆడించే కపాలభాతి, భస్త్రిక ఆ పూటకి మానేయండి. పుప్పొడి పడనివాళ్లు చేను పూత మీద ఉన్నన్నాళ్లు గాలికి ఎదురు వైపు కూర్చుంటే మేలు, అంటే గాలి మీ మీదుగా చేనులోకి వెళ్లాలి. శవాసనంలో చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది, పలుచటి దుప్పటి దగ్గర పెట్టుకోండి, ముఖం మీద వాలే ఈగలకీ అదే పనికొస్తుంది.

ఉరుము వినపడిందంటే ఏ ఆసనంలో ఉన్నా లేచి పక్కా కప్పున్న చోటికి వెళ్లిపోండి, ఒంటరి చెట్టు కిందకి మాత్రం పోవద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే మళ్లీ బయటికి రండి, అప్పటికి నేల ఎలాగూ తడిసి ఉంటుంది కాబట్టి మిగతాది వరండాలో కానిచ్చేయడమే తేలిక.