టోక్యో డిస్నీ ట్రిప్‌లో ఎక్కడ తేడా కొడుతుంది? సమస్య - పరిష్కారం

టోక్యో డిస్నీ రిసార్ట్‌కి వెళ్ళొచ్చి "జనం బాబోయ్ జనం, ఏమీ ఎక్కలేకపోయాం" అనేవాళ్ళు ఎక్కువే. జనం అక్కడ ఎప్పుడూ ఉంటారు. అదే రోజు, అదే జనంలో పక్కవాళ్ళు మాత్రం అనుకున్నవన్నీ ఎక్కి వస్తారు. తేడా ఎక్కడొచ్చిందని ఆరా తీస్తే ప్రతిసారీ బయటపడేవి అవే నాలుగైదు కారణాలు. చాలావరకు ఇంట్లో కూర్చుని రెండు నిమిషాల్లో చూసుకోగలిగినవే. చూసుకోరు, అంతే.

వీసా, విమానం టికెట్లు, యెన్ మార్పిడి లాంటివి మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను.

గేటు దగ్గర టికెట్ స్కాన్ కావడం లేదు

ముందు టికెట్ మీద పార్కు పేరు చదవండి. చదివాం అంటారు, చదవరు. టోక్యో పక్కనే ఉరయాసు ఊళ్ళో ఉన్న ఈ రిసార్ట్‌లో ఉన్నవి రెండు పార్కులు: 1983లో తెరిచిన టోక్యో డిస్నీలాండ్, 2001లో తెరిచిన టోక్యో డిస్నీసీ. గేట్లు వేరు, టికెట్లు వేరు. మామూలు ఒక రోజు టికెట్ (దాని పేరే వన్ డే పాస్‌పోర్ట్) ఒక తేదీకి, ఒక పార్కుకి మాత్రమే చెల్లుతుంది. రిసార్ట్ దగ్గరి రైల్వే స్టేషన్ మైహామాలో దిగగానే ఎదురుగా కనిపించేది డిస్నీలాండ్ వైపు దారి కాబట్టి, డిస్నీసీ టికెట్ ఉన్నవాళ్ళు కూడా గుంపుతో పాటు అటే నడిచేస్తారు.

పార్కు తప్పయితే పెద్ద నష్టం లేదు. మోనోరైల్ ఎక్కి డిస్నీసీ స్టేషన్‌లో దిగండి. అది ఒకే దిశలో తిరుగుతుంది, దానికి టికెట్ వేరు, రైళ్ళలో వాడే సుయికా ప్రీపెయిడ్ కార్డు ఉంటే సరిపోతుంది. తేదీ తప్పయితేనే చిక్కు. అధికారిక సైట్‌లో కొన్నదయితే, ఆ తేదీ దాటకముందు, టికెట్లు మిగిలున్న వేరే రోజుకి మార్చుకునే వీలుంటుంది. డబ్బు మాత్రం వెనక్కి రాదు. మధ్యవర్తుల దగ్గర కొన్నదానికి వాళ్ళ షరతులే వర్తిస్తాయి. గేటు పక్కన కౌంటర్లో కొనుక్కుందాం అనే ఆలోచన పెట్టుకోకండి.

మనకి కావాల్సిన రోజుకి టికెట్లే కనిపించడం లేదు

అయిపోలేదు, ఇంకా మొదలే కాలేదు. టికెట్లు సరిగ్గా రెండు నెలల ముందు, జపాన్ టైమ్ మధ్యాహ్నం 2 గంటలకి విడుదలవుతాయి. భారత్‌లో అది ఉదయం 10:30. నాలుగు నెలల ముందు సైట్ తెరిచి, తేదీ నొక్కుడు పడకపోతే "సోల్డ్ అవుట్" అని తీర్మానించేసి, వేరే చోట ఎక్కువ పెట్టి కొనేవాళ్ళని చూస్తే జాలేస్తుంది.

ధర రోజును బట్టి మారుతుంది. పెద్దవాళ్ళ వన్ డే పాస్‌పోర్ట్ 7,900 నుంచి 10,900 యెన్ వరకు. 12 నుంచి 17 ఏళ్ళకి ఒక ధర, 4 నుంచి 11 ఏళ్ళకి ఇంకో ధర, 3 ఏళ్ళు, అంతకన్నా చిన్న పిల్లలకి టికెట్ అక్కర్లేదు. తక్కువ ధర ఉన్న రోజంటే వాళ్ళే జనం తక్కువని ఊహిస్తున్న రోజు. రద్దీ క్యాలెండర్ల కోసం గంటలు గంటలు వెతికేకన్నా ఆ ధరల పట్టికే చూసుకోవచ్చు.

రిసార్ట్ హోటల్లో దిగినా ముందుగా లోపలికి పంపలేదు

హోటల్ పేరు చూడకుండా వర్గం పేరు చూసి బుక్ చేస్తే వచ్చే గొడవ ఇది. "డిస్నీ హోటల్" వేరు, "అఫీషియల్ హోటల్" వేరు. మిరాకోస్టా, డిస్నీలాండ్ హోటల్, టాయ్ స్టోరీ హోటల్, ఫాంటసీ స్ప్రింగ్స్ హోటల్ లాంటివి మొదటి రకం. వీటిలో ఉంటే హ్యాపీ ఎంట్రీ కింద 15 నిమిషాలు ముందు లోపలికి వెళ్ళొచ్చు. మోనోరైల్ బేసైడ్ స్టేషన్ దగ్గరున్న హిల్టన్, షెరటన్ లాంటివి రెండో రకం. మంచి హోటళ్ళే, ఆ 15 నిమిషాలు మాత్రం రావు. బుక్ చేశాక చేసేదేమీ లేదు. పొద్దున్నే లేచి క్యూలో నిలబడటమే. ప్రకటించిన టైమ్ కన్నా ముందే గేట్లు తెరిచే రోజులు చాలానే ఉంటాయి కాబట్టి ఆ కష్టం ఊరికే పోదు.

లోపలికి వెళ్ళాం, ప్రీమియర్ యాక్సెస్ కొందామంటే కార్డు పడటం లేదు

అసలు చెప్పాలనుకున్నది ఇదే. మిగతావి అర్ధగంటతో పోతాయి. ఇది ఆ రోజంతా పాడు చేస్తుంది, పైగా కారణం ఎవరికీ తట్టదు.

ప్రీమియర్ యాక్సెస్ అంటే డబ్బు కట్టి క్యూ తప్పించుకునే పాస్. మనిషికి, రైడ్‌కి సుమారు 1,500 నుంచి 2,500 యెన్. డిస్నీలాండ్‌లో బ్యూటీ అండ్ ద బీస్ట్, డిస్నీసీలో సోరింగ్, అక్కడే 2024 జూన్‌లో తెరిచిన ఫాంటసీ స్ప్రింగ్స్ విభాగంలోని ఫ్రోజెన్ రైడ్ లాంటి వాటికి ఇది చాలా త్వరగా అయిపోతుంది. పార్కు లోపలికి వెళ్ళాకే, రిసార్ట్ అధికారిక యాప్‌లోనే కొనాలి. కాబట్టి గేటు దాటిన మొదటి పది నిమిషాలే అసలైన సమయం.

ఆ పది నిమిషాల్లో జరిగేది ఇది. డిస్నీసీ గేటు దాటగానే నీళ్ళ మధ్య తిరిగే పెద్ద గోళం పక్కన కుటుంబమంతా ఆగుతుంది. యాప్ తెరుస్తారు, రైడ్ ఎంచుకుంటారు, కార్డు నంబర్ కొడతారు. బ్యాంకు పేజీ వచ్చి ఓటీపీ అడుగుతుంది. ఓటీపీ రాదు. మళ్ళీ పంపమంటారు, రాదు. పేజీ గడువు తీరి మొదటికొస్తుంది. రెండో కార్డు తీస్తారు, అదే కథ. ఈలోగా పాస్‌లు అయిపోతాయి. "వీళ్ళ సైట్ విదేశీ కార్డుల్ని తీసుకోదట" అని ఎక్కడో చదివింది గుర్తొచ్చి, నెపం దాని మీద వేసి ఊరుకుంటారు.

కార్డు బాగానే ఉంటుంది, సైట్ కూడా బాగానే ఉంటుంది. ఓటీపీ వెళ్ళాల్సిన నంబరే అక్కడ పనిచేయడం లేదు. నరితా విమానాశ్రయంలో దిగగానే జపాన్ డేటా సిమ్ వేసుకుని, తీసేసిన ఇంటి సిమ్ పోకుండా పాస్‌పోర్ట్ కవర్ వెనక టేపుతో అంటిస్తారు. ఆ పాస్‌పోర్ట్ హోటల్ గది లాకర్లో ఉంటుంది. అంత జాగ్రత్తపరులే ఇందులో ఎక్కువ చిక్కుకుంటారు.

ఇది ముందే ఎందుకు తెలియదంటే, టికెట్లు కొన్నది ఇంటి నుంచి. అప్పుడు అదే కార్డు, అదే యాప్, ఓటీపీ క్షణంలో వచ్చింది. "పోయిన నెల పనిచేసింది కదా" అన్న నమ్మకంతోనే వస్తారు. జపాన్‌లో ఆన్‌లైన్ అమ్మకాలకి ఓటీపీ లాంటి ఈ అదనపు తనిఖీ పెట్టడం 2025 మార్చి చివరికల్లా దాదాపు తప్పనిసరి చేశారు కాబట్టి దాన్ని తప్పించుకునే దారి వెతకడం దండగ.

దీనికి చెల్లెలి లాంటి కారణం ఇంకొకటి: టికెట్లు భార్య ఫోన్‌లో, కార్డు భర్తది, ఓటీపీ వచ్చేది ఆయన నంబరుకి. ఆయనేమో పిల్లాడిని తీసుకుని టాయిలెట్‌కి వెళ్ళాడు. నవ్వకండి, తరచూ జరిగేదే.

సరిచేసే పద్ధతి ఇలా. ఇంటి సిమ్ తీయకండి. డేటాకి ఈసిమ్ (ఫోన్‌లోనే డౌన్‌లోడ్ చేసుకునే సిమ్) తీసుకోండి, ఫోన్‌లో రెండు లైన్లూ ఆన్‌లో ఉంచండి, డేటా ఈసిమ్ మీద పెట్టండి. ఇంటి సిమ్ మీద "డేటా రోమింగ్" ఆపేయండి, లైన్ మాత్రం ఆపకండి. బిల్లు భయంతో ఏకంగా లైనే ఆపేస్తారు, అక్కడే దెబ్బతింటారు. డేటా రోమింగ్ ఆపినా ఎస్సెమ్మెస్ వస్తుంది, లైన్ ఆపితే రాదు. కొన్ని ఆపరేటర్ల దగ్గర అంతర్జాతీయ రోమింగ్‌ని ఇంట్లో ఉండగానే ఆన్ చేయించుకోవాలి. విమానం ఎక్కాక గుర్తొస్తే లాభం లేదు. కార్డుకి విదేశీ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్‌లో ఉన్నాయో లేదో, లిమిట్ ఎంతో కూడా అదే ఊపులో చూసేయండి. నలుగురికి ఒక్క రైడే 6,000 నుంచి 10,000 యెన్ అవుతుంది. తక్కువ లిమిట్ పెట్టుకున్నవాళ్ళకి రెండో రైడ్ దగ్గరే ఆగిపోతుంది.

తర్వాత పరీక్ష. పార్కు రోజు కాదు, జపాన్‌లో దిగిన రోజు సాయంత్రమే. నెట్ బ్యాంకింగ్‌లోకి లాగిన్ అయ్యి ఓటీపీ తెప్పించండి. వస్తే నిశ్చింతగా పడుకోండి. రాకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ని ఆటోమేటిక్ నుంచి తీసి డొకోమో, సాఫ్ట్‌బ్యాంక్ లాంటి జపాన్ నెట్‌వర్క్‌లలో ఒక్కొక్కటి చేత్తో ఎంచి చూడండి. బ్యాంకు యాప్‌లోనే ఆమోదం తెలిపే సదుపాయం ఉంటే ఇంకా మేలు, దానికి డేటా చాలు. వేరే బ్యాంకు కార్డు ఒకటి అదనంగా ఉంచుకోండి. అదే నంబరుకి ముడిపడిన రెండో కార్డు మాత్రం రెండో కార్డు కింద లెక్క కాదు.

పార్కులోనే తెలిసిందా? గోళం పక్కన నిలబడి టెన్షన్ పడకండి. ఒకరు లైన్ ఆన్ చేసి, నెట్‌వర్క్ మార్చి, ఓటీపీ పని చూసుకుంటూ ఉంటే, మిగతావాళ్ళు వెళ్ళి దగ్గర్లోని రైడ్ మామూలు క్యూలో నిలబడాలి. పొద్దున క్యూలు చిన్నవి, ఆ సమయం మళ్ళీ రాదు.

పాస్ ఒక్కరికే వచ్చింది, మిగతావాళ్ళ పేర్లు లేవు

అందరి టికెట్లూ ఒకే యాప్‌లో ఒక గ్రూపుగా ఉండాలి. వేరే సైట్‌లో కొన్న క్యూఆర్ కోడ్‌లని కూడా ఆ యాప్‌లోకి స్కాన్ చేసి ఎక్కించుకోవచ్చు, ముందురోజు రాత్రి హోటల్లో చేసేయండి. ఇంకో మెలిక: గేటు దాటనివాళ్ళకి పాస్ రాదు. తాతయ్య ఇంకా బ్యాగుల తనిఖీ దగ్గరే ఉంటే అందరూ ఆయన కోసం ఆగాలి, లేదా ఆయన్ని వదిలి కొనాలి. ఆ నిర్ణయం ముందే చేసుకోండి.

ఫలానా రైడ్ కోసమే వచ్చాం, అది మూసి ఉంది

మూసివేతల జాబితా అధికారిక సైట్‌లో నెలల ముందే పెడతారు. డిస్నీలాండ్‌లో స్పేస్ మౌంటెన్ 2024 జూలై 31న మూతపడింది, పూర్తిగా కొత్తది కడుతున్నారు, 2027లో తెరుస్తామన్నారు. టికెట్ కొనేముందే ఆ జాబితా చూడటం తప్ప దీనికి మందు లేదు. పిల్లల ఎత్తు కూడా అప్పుడే కొలవండి. సోరింగ్, టవర్ ఆఫ్ టెర్రర్‌లకి 102 సెంటీమీటర్లు, జర్నీ టు ద సెంటర్ ఆఫ్ ది ఎర్త్‌కి 117 ఉండాలి. సిబ్బంది కొలబద్దతో కొలుస్తారు, బతిమాలితే కరగరు. పిల్లలు ఆగిపోతే రైడర్ స్విచ్ అడగండి, పెద్దవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఎక్కొచ్చు.

టోక్యో స్టేషన్ నుంచి పావుగంటే అన్నారు, గంట పట్టింది

రైల్లో పావుగంటే. కానీ మైహామాకి వెళ్ళే కెయియో లైన్ ప్లాట్‌ఫారాలు టోక్యో స్టేషన్‌లో మిగతా లైన్లకి చాలా దూరంగా, భూగర్భంలో ఉంటాయి. పిల్లల బండితో, లిఫ్టులు వెతుక్కుంటూ వెళ్తే ఆ నడకే రైలు ప్రయాణమంత అవుతుంది. ఇంకో 20 నిమిషాలు కలుపుకోండి.

మిగతావి

గాలి బాగా వీస్తే కెయియో లైన్ ఆలస్యమవుతుంది, బస్సు ఉందేమో చూడండి. భూకంపం వస్తే రైడ్‌లు తనిఖీ కోసం కాసేపు ఆపుతారు, మళ్ళీ నడుపుతారు. షోల లాటరీ తగల్లేదంటే తగల్లేదు, ఒక షోకి రోజుకి ఒక్కసారే అవకాశం. యాప్ బిగుసుకుపోతే మూసి తెరవండి. ఫోన్ చార్జింగ్ మధ్యాహ్నానికే అయిపోతే టికెట్లు, పాస్‌లు అన్నీ దాంతోపాటే పోతాయి కాబట్టి పవర్ బ్యాంక్ మీ దగ్గరే ఉంచుకోండి, లాకర్లో పెట్టిన బ్యాగులో కాదు.