ఉప్పుగాలికి తట్టుకునే 40 మీటర్ల బ్యాండు యాంటెన్నా: డాబా మీద ఇన్‌వర్టెడ్ వీ కట్టడం ఎలా?

తీరం దగ్గర హామ్ రేడియో (లైసెన్సుతో నడిపే ఔత్సాహికుల రేడియో) యాంటెన్నా మొరాయిస్తే ముందుగా అనుమానించాల్సింది తీగ పొడవును కాదు, అతుకుల్ని. మైపాడు నుంచి కొత్తపట్నం దాకా గాలిలో ఉప్పు ఉంటుంది. తేమతో కలిసి రాగికి పచ్చటి చిలుము పట్టిస్తుంది, కేబుల్ లోపలి జడలోకి (నడిమి తీగ చుట్టూ అల్లిన సన్న తీగల వలలోకి) దిగుతుంది. ఎంత బాగా లెక్క కట్టి కోసిన తీగయినా అతుకు చెడితే వృథా. అందుకే ఇక్కడ లెక్కకంటే అతుకుల గురించే ఎక్కువ చెప్పాం.

ఏ యాంటెన్నా ఎంచుకోవాలి?

కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్లకు మా సలహా ఒక్కటే: 40 మీటర్ల బ్యాండుకు (40 మీటర్లన్నది రేడియో తరంగం పొడవు, తీగ పొడవు కాదు) ఇన్‌వర్టెడ్ వీ డైపోల్, అంటే తలకిందులైన V ఆకారంలో కట్టే రెండు తీగల యాంటెన్నా. మన దేశంలో ఈ బ్యాండు 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్. మధ్యలో ఒక్క స్తంభం చాలు, రెండు తీగలూ అటూ ఇటూ కిందికి దిగుతాయి. నేల నుంచి 10–12 మీటర్ల ఎత్తులో కడితే సిగ్నల్ దాదాపు నిటారుగా పైకి వెళ్లి, అయనోస్ఫియర్ (రేడియో తరంగాల్ని వెనక్కి పంపే పైవాతావరణ పొర) నుంచి తిరిగి చుట్టుపక్కల కొన్ని వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. పగటిపూట నెల్లూరు నుంచి చెన్నై, విజయవాడ, హైదరాబాద్‌లతో మాట్లాడటానికి కావాల్సింది ఇదే. ఎత్తు చాలలేదని దిగులు పడొద్దు, ఈ పనికి తక్కువ ఎత్తే మేలు.

కావాల్సినవి

2.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరింగ్ వైరు (పోగులున్నది) 22 మీటర్లు. ఒకటిన్నర అంగుళం జీఐ పైపు, 6 మీటర్లది ఒకటి. రెండు చిన్న పింగాణీ గుడ్డు ఇన్సులేటర్లు. మధ్య ముక్కకు 6 మి.మీ. మందం అక్రిలిక్ లేదా నైలాన్ పలక, అరచేతి అంత. ఆర్‌జీ-58 కేబుల్ (50 ఓమ్‌ల కోయాక్సియల్ కేబుల్), రేడియో దాకా పట్టేంత పొడవుకు ఇంకో 5 మీటర్లు కలిపి. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు, ఒక గిలక, 5–6 మి.మీ. పాలిస్టర్ తాడు. కిరాణా కొట్లో దొరికే రంగు ప్లాస్టిక్ తాడు కొనొద్దు. ఎండకు పొడిపొడిగా రాలిపోతుంది.

ఇంట్లో మిగిలిన కేబుల్ టీవీ వైరు వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర 75 ఓమ్‌ల కేబుల్‌తో పని జరుగుతుంది. చిక్కు ఎక్కడంటే, వాటిలో చాలావాటికి జడ అల్యూమినియంది. దానికి మామూలు సోల్డర్ అంటుకోదు, నొక్కి బిగించిన రాగి–అల్యూమినియం కలయిక ఉప్పుగాలికి త్వరగా తినేసుకుపోతుంది. తీరానికి దూరంగా మార్కాపురం, గిద్దలూరు వైపు ఉన్నవాళ్లు ప్రయత్నించవచ్చు.

స్తంభం

మొదట తల ఎత్తి కరెంటు తీగలు చూడండి. పైపు ఎటు కూలినా, తీగ ఎటు తెగినా కరెంటు లైనును తాకే అవకాశం ఉంటే ఆ చోటు వదిలేయండి. ఈ ఒక్క విషయంలో సర్దుబాటు లేదు.

పైపును మెట్ల గది గోడకు రెండు క్లాంపులతో బిగించండి, క్లాంపుల మధ్య కనీసం మీటరు ఎడం ఉండాలి. పిట్టగోడను నమ్మొద్దు. పైనుంచి మూడు వైపులా గై తాళ్లు (పైపు ఒరిగిపోకుండా పట్టి ఉంచే తాళ్లు) లాగి, స్లాబులోనో పిల్లర్‌లోనో దింపిన కొక్కేలకు కట్టండి. గైలకు ఇనుప తీగ వాడితే అది యాంటెన్నాతో కలిసిపోయి రీడింగులు తారుమారవుతాయి, తాడే మంచిది. పైపు కొనకు గిలక తప్పనిసరి. ట్యూనింగ్‌లో మధ్య ముక్కను మళ్లీ మళ్లీ దించాలి, తుపాను హెచ్చరిక వచ్చిన రోజు గబగబా దించేయాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి గాలికి యాంటెన్నాను పైన వదిలేస్తే, గాలి తగ్గాక మాట్లాడాల్సిన వేళకు అది ఉండదు.

మధ్య ముక్క: అసలు పని ఇక్కడే

పలకకు అటూ ఇటూ మూడేసి రంధ్రాలు వేసి, తీగను వాటిలోంచి అల్లినట్టు తిప్పండి. లాగుడంతా పలక మీద పడాలి, సోల్డర్ మీద పడకూడదు. రాగిని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, కేబుల్ నడిమి తీగను ఒక వైపుకు, జడను రెండో వైపుకు సోల్డర్ చేయండి.

జడా నడిమి తీగా విడిపోయే చోటు చిన్న నోరులా తెరుచుకుని ఉంటుంది. వాన నీరు అక్కడే దూరుతుంది. జడ ఒత్తిలా పనిచేసి ఆ నీటిని మీటర్ల కొద్దీ లోపలికి పీల్చుకుంటుంది. ఆ నోటిని న్యూట్రల్ రకం సిలికాన్‌తో నింపండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు, దానిలోంచి వెలువడే ఆమ్లం రాగిని తినేస్తుంది. ఆరాక సాగదీస్తే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు కింది నుంచి పైకి చుట్టి, దానిమీద మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టండి. కేబుల్ పలక నుంచి నేరుగా కిందికి దిగాలి.

పలకకు దిగువనే చోక్ (కేబుల్ పైతొడుగు మీద ప్రవాహాన్ని అడ్డుకునే చుట్ట) పెట్టాలి. 140 మి.మీ. పీవీసీ పైపు ముక్క మీద అదే కేబుల్‌ను పక్కపక్కన 10 చుట్లు చుట్టండి, సుమారు నాలుగున్నర మీటర్లు పడుతుంది. చుట్లు ఒకదానిమీద ఒకటి ఎక్కితే చోక్ పనితనం తగ్గుతుంది. ఇది లేకపోతే కేబుల్ పైతొడుగు కూడా యాంటెన్నాలా మారి ప్రసారం ఇంట్లోని స్పీకర్లలో వినిపిస్తుంది.

తీగ కోయడం, ట్యూనింగ్

143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే డైపోల్ మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి 20.14, అంటే ఒక్కో వైపు 10.07 మీటర్లు. పీవీసీ తొడుగు వల్ల అసలు పొడవు ఇంకాస్త తగ్గవచ్చు. అయినా మొదట ఒక్కో వైపు 10.5 మీటర్లు ఉంచండి, తగ్గించడం తేలిక.

చివర్లను ఇన్సులేటర్లకు కట్టి, తాళ్లతో వేపచెట్టుకో ప్రహరీ దగ్గరి గుంజకో లాగండి. రెండు తీగల మధ్య కోణం 90 నుంచి 120 డిగ్రీలు ఉండాలి. ప్రసారం చేసేటప్పుడు చివర్లలో వోల్టేజీ చాలా ఎక్కువ, మనుషుల చేతికి అందని ఎత్తులో ఉంచండి. డాబా మీద బట్టలు ఆరేసేవాళ్లను కూడా లెక్కలోకి తీసుకోండి.

నానోవీఎన్ఏ (యాంటెన్నాను కొలిచే చిన్న పరికరం) ఉంటే 6.5–7.5 మెగాహెర్ట్జ్ మధ్య కాలిబ్రేట్ చేసి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి శక్తి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మంచిది) ఎక్కడ అన్నిటికంటే తక్కువ ఉందో చూడండి. ఉదాహరణకు 6.8 దగ్గర ఉందనుకుందాం. 10.5ను 6.8తో గుణించి 7.1తో భాగిస్తే 10.06. ఒక్కో వైపు 44 సెం.మీ. ఎక్కువైందన్నమాట. ఒకేసారి కోసేయకండి. ముందు 30 సెం.మీ. వెనక్కి మడిచి తీగకే గట్టిగా చుట్టి, పైకి లాగి మళ్లీ చూడండి. తోకలా వేలాడదీస్తే అదీ పొడవులోకే వస్తుంది. ఆ తర్వాత ఒక్కో వైపు 10 సెం.మీ.కు దాదాపు 70 కిలోహెర్ట్జ్ కదులుతుంది. రెండు వైపులా సమానంగా మడవండి. 7.1 దగ్గర 1.5 లోపు వస్తే ఆపేయండి, 1.1 కోసం రోజంతా తంటాలు పడితే అవతలివాళ్ల చెవికి తేడా తెలియదు.

రీడింగ్ తేడాగా ఉంటే

కేబుల్‌ను చేత్తో పట్టుకుంటే ఎస్‌డబ్ల్యూఆర్ మారితే చోక్ సరిగా లేదు. గాలి వీచినప్పుడల్లా రీడింగు ఎగిరితే అతుకు వదులైంది. ఫ్రీక్వెన్సీ సరిగానే ఉండి 1.8 కంటే దిగకపోతే చివర్లను ఇంకా దూరం లాగి కోణం పెంచి చూడండి. బ్యాండు అంతటా, బ్యాండు బయట కూడా ఎస్‌డబ్ల్యూఆర్ చాలా బాగుంటే సంతోషించకండి. కేబుల్‌లో నీరు చేరి శక్తిని మింగేస్తోందని అర్థం.

పిడుగులు, ఏటేటా తనిఖీ

ఎండాకాలం సాయంత్రాల్లో ఉరుము వినిపించక ముందే కేబుల్‌ను రేడియో నుంచి విప్పి కిటికీ బయట పెట్టండి. పైపును మందపాటి రాగి తీగతో నేలలోని ఎర్త్ రాడ్‌కు కలపండి. రాడ్ ఉంటే చాలు, విప్పక్కర్లేదని అనుకోవద్దు.

సెప్టెంబరులో, ఈశాన్య రుతుపవనాలకు ముందు, మధ్య ముక్కను ఒకసారి దించండి. టేపు విప్పి కేబుల్ చివర జడ చూడండి. నల్లబడి ఉంటే ఎర్రటి రాగి కనబడేదాకా జానెడు జానెడు కోస్తూ వెళ్లి, అక్కడి నుంచి అతుకు మళ్లీ వేయండి. రెండు మీటర్లు కోసినా నలుపే ఉంటే కేబుల్ మొత్తం మార్చండి.